దావా పగ్గాలు ఎవరి చేతిలో?



ఈ స్మారక సభలో మనం తలచుకుంటున్న పెద్దాయన జీవితమంతా సివిల్ వ్యాజ్యాలతోనే గడిచింది. అందుకే సివిల్ ప్రొసీజరు చరిత్ర నుంచి ఒక్క ప్రశ్న ఎత్తుకుంటాను. దావాను నడిపించేది ఎవరు? కక్షిదారులా, న్యాయమూర్తా?

ఫ్రాన్సు 1806 కోడ్‌లోనూ, జర్మనీ 1877 కోడ్‌లోనూ దావా వాది ప్రతివాదుల సొంత వ్యవహారం. ఈ ఆలోచనను మలుపు తిప్పినవాడు ఫ్రాంజ్ క్లైన్, 1895 నాటి ఆస్ట్రియా కోడ్ రూపశిల్పి. తగువు తేలేదాకా సొమ్మూ ఆస్తీ ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉంటాయి కనుక, వ్యాజ్యం సమాజానికే నష్టమన్నది ఆయన వాదన. అందుకే పేచీ అసలెక్కడుందో జడ్జి మొదట్లోనే అడిగి తేల్చాలి, వాయిదాలను అదుపులో పెట్టాలి. ఆ కోడ్ 1898లో అమలైంది. 1924, 1976 సవరణలతో జర్మనీ కూడా ఆ దారికే వచ్చింది. అక్కడ సాక్షిని ముందుగా ప్రశ్నించేది జడ్జే, నిపుణుణ్ణి నియమించేదీ కోర్టే.

అమెరికా ఎదురు దారి పట్టింది. 1938 ఫెడరల్ రూల్స్ డిస్కవరీ ద్వారా పగ్గాలు లాయర్లకిచ్చాయి. ఎదుటివారి దగ్గరున్న కేసు కాగితాలు రప్పించవచ్చు, సాక్షులను ముందే ప్రశ్నించవచ్చు. ఆ ఖర్చు అపారం. పైగా గెలిచినా ఎవరి లాయరు ఫీజు వారిదే. ట్రయల్ దాకా వెళ్లే దావాలు అతి కొద్ది. ఇంగ్లండు కూడా చాలాకాలం కక్షిదారుల ఇష్టానికే వదిలేసింది. సివిల్ న్యాయంపై లార్డ్ వుల్ఫ్ ఇచ్చిన నివేదిక తర్వాత, 1999 ఏప్రిల్ 26 నుంచి, అక్కడా కేసు వేగం జడ్జి చేతికొచ్చింది.

మరి మనం? 1859లో తొలి కోడ్, 1908లో ఇప్పటి కోడ్ వచ్చాయి. ఇంగ్లీషు బారు అలవాట్లతో పెరిగాం కనుక జడ్జి మౌనమే మర్యాద అనుకున్నాం. కానీ ఆర్డర్ 10 ఒకసారి తీసి చూడండి. మొదటి విచారణలోనే ఏది ఒప్పుకుంటున్నారో, ఏది కాదంటున్నారో కోర్టు అడిగి రాసుకోవాలి. వివాదం స్పష్టం కావడానికి కక్షిదారులను మౌఖికంగా ప్రశ్నించాలి. క్లైన్ కోరిన జడ్జి మన కోడ్‌లోనే ఉన్నాడు, కోర్టు హాల్లోనే అరుదు.

2002లో మన కోడ్‌లోకి సెక్షన్ 89 వచ్చింది. మధ్యవర్తిత్వం, రాజీ, లోక్ అదాలత్ దారులు తెరిచింది. అయితే ఆ దారి ఎంచుకోమని అడగాల్సింది ఒప్పుకోళ్లూ కాదనడాలూ నమోదయ్యాకే అని ఆర్డర్ 10 చెబుతోంది. మొదటి పని జరక్కుండా పంపే కేసు, పేచీ ఏమిటో తెలియకుండానే వెళ్లి అలాగే తిరిగొస్తుంది.

డిక్రీ తర్వాతా ఇదే కథ. భారతదేశంలో డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే గమనించింది. ఫ్రాన్సులో అమలు బాధ్యతకు ప్రత్యేక అధికారి ఉన్నాడు. ఇక్కడ గెలిచినవాడే డిక్రీ అమలు పిటిషన్ (ఈపీ) పట్టుకుని మళ్లీ మొదటి మెట్టెక్కాలి.

ఇన్ని దేశాల చరిత్ర చూశాక నాకు తోచేది ఇదే. కొత్త చట్టం అడిగే ముందు, ఉన్న ఆర్డర్ 10ని పాటించమని అడుగుదాం. యువ న్యాయవాదులు ప్రతివాది జవాబు దాఖలైన రోజే ఆర్డర్ 10 కింద విచారించమని కోరుతూ మెమో వేయడం మొదలుపెడితే, జడ్జిగారు ప్రశ్న అడగక తప్పదు.