పరిశోధనకు శాశ్వతనిధి
(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన సంఘనిధిని ఏ కార్యమునకు వినియోగింపవలెనను ప్రశ్న నేడు సభ ముందున్నది. కల్యాణమండపముపై మరియొక అంతస్తు వేయుదమని కొందరు, విజ్ఞానశాస్త్ర పరిశోధనకు శాశ్వతనిధి నెలకొల్పుదమని కొందరు కోరుచున్నారు. మేము రెండవ పక్షమువారము. కారణములు విన్నవించెదము.

1912లో కలకత్తా న్యాయవాది తారకనాథ్ పాలిత్‌గారు అచ్చటి విశ్వవిద్యాలయమునకు లక్షలకొలది రూపాయల ఆస్తిని దానమొసంగిరి. దానిచే భౌతిక, రసాయన శాస్త్రములకు ఆచార్యపీఠములు ఏర్పడెను. ప్రభుత్వ ఆర్థికశాఖలోని పెద్ద ఉద్యోగమును వదలి, తక్కువ జీతమునకే 1917లో ఆ భౌతికశాస్త్ర పీఠమును స్వీకరించినవారు సి. వి. రామన్‌గారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితము బయల్పడెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను. దాత 1914లోనే గతించిరి. ఆ ఫలమును వారు కన్నులార చూడలేదు.

మనకు సమీపముననే మరియొక నిదర్శనము గలదు. జయపురము మహారాజా విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలొసంగిరి. అచ్చటి విజ్ఞానకళాశాలకు వారి పేరే పెట్టిరి. కలకత్తాలో రామన్‌గారికడ పనిచేసిన సూరి భగవంతముగారు ఆ విశ్వవిద్యాలయముననే భౌతికశాస్త్రాచార్యులైరి.

ఈ నిధి తెలుగు బిడ్డలకే చెందవలెనని మనలో కొందరి పట్టు. వంగదేశీయుని ధనముతో తమిళుడు పరిశోధన సాగించెను. నేటి ఒడిశాలోని జయపురపు ప్రభువు తెలుగువారి విశ్వవిద్యాలయమును పోషించెను. పాలిత్‌గారు మాత్రము భారతీయులకేయని నియమింపలేదా యని మీరడుగవచ్చును. నాడు ఉన్నతపదవులు విదేశీయులకు దక్కుచుండెను గనుక ఆ నియమము అవసరమయ్యెను. ఇరుగుపొరుగువారితో తరతరములుగా కలిసి బ్రతుకుచున్న మనకు అట్టి కంచె తగదు.

వర్తకులము గనుక లెక్కయు చెప్పెదము. అసలును ముట్టరాదు. వడ్డీనంతయు ఖర్చు చేయరాదు. ధరలు పెరిగినకొలది అసలు విలువ తరుగును. కావున వడ్డీలో కొంతభాగమును ఏటేట అసలునకు చేర్చవలెను. లెక్కలు సభకు చూపవలెను. విద్యార్థిని ఎన్నుకొను పని ఆచార్యులకే విడువవలెను. దాతల సిఫారసులు చెల్లరాదు.

ఆచార్యపీఠమును నెలకొల్పు స్తోమత మనకు లేదు. భౌతికశాస్త్రమున ఒక పరిశోధక విద్యార్థికి వేతనమొసంగు శక్తి గలదు. అంతస్తు నేడు కాకున్న పదియేండ్లకైనను లేచును. చదువు మాని అంగడిలో కూర్చున్న బిడ్డను మరల ప్రయోగశాలకు పంపుట మాత్రము మన తరము కాదు. సభవారు ఆలోచించి నిర్ణయింతురుగాక.