నాపరాతి గనులలో పొగాకు: నికోటిన్ ఇచ్చునదెంత, తీసికొనునదెంత?

(బేతంచెర్ల ప్రాంతపు పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



బేతంచెర్ల అనగానే ఎవరికైనను నాపరాయి జ్ఞప్తికి వచ్చును. ఆ బండను భూమినుండి పెకలించి, కోసి, నునుపుచేయు శ్రామికుని చేత గడ్డపార ఉండుట ఎంత సహజమో, చెవిపై బీడీయో, నడుమున ఖైనీ పొట్లమో ఉండుటయు అంత సహజమైపోయినది. ఎందుకయ్యా ఇది అని అడిగినచో, "అది లేకుంటే చెయ్యి ఆడదు సామీ" అని సమాధానము వచ్చును. ఈ మాటను వట్టి సాకుగా త్రోసివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. అందు కొంత నిజమున్నది. ఆ నిజమెంతయో, దానికి చెల్లించు వెల ఎంతయో నేడు విచారింతము.

పొగాకులోని ఉత్తేజక పదార్థము నికోటిన్. 1560 ప్రాంతమున పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా నుండి, పొగాకును తన దేశపు రాజాస్థానమునకు పంపిన జాన్ నికో పేరుమీద దీనికీ పేరు వచ్చినది. 1828లో జర్మనీయందలి హైడెల్‌బర్గ్ నగరమున ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని మొదటిసారి వేరుచేసిరి. పొగ పీల్చిన పది, ఇరువది సెకండ్లలోనే ఇది మెదడును చేరును. గుండె వడి హెచ్చును, రక్తపుపోటు పెరుగును, ఆకలి మందగించును, మనస్సు కొంతసేపు పనిమీద నిలుచును. కావున గనిలోని మనిషి అబద్ధమాడుట లేదు.

అయితే రక్తములోని నికోటిన్ సుమారు రెండు గంటలలో సగమునకు తగ్గిపోవును. దానికి అలవాటుపడిన మెదడు అది తగ్గగానే పేచీ పెట్టును. చిరాకు కలుగును, దృష్టి చెదరును, చేయి ఆడదు. అప్పుడు వెలిగించిన రెండవ బీడీ కొత్త బలమునేమియు తెచ్చిపెట్టదు. మొదటి బీడీ కలిగించిన లోటును మాత్రము తాత్కాలికముగా పూడ్చును. మన గాదెలోని గింజలనే కొలిచి మనకే నాగుకిచ్చు షావుకారు వ్యవహారము వంటిదిది.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. వ్యసనమునకు కారణము నికోటిన్. కాని క్యాన్సరు, ఊపిరితిత్తుల వ్యాధులు ముఖ్యముగా పొగవలనను, అందలి తారువలనను, ఆకులోని ఇతర విషములవలనను వచ్చుచున్నవి. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. బలము కొరకు వెలిగించినది ఊపిరినే తగ్గించును. తునికాకుతో చుట్టిన బీడీ సులభముగా ఆరిపోవును గనుక మరల మరల గట్టిగా పీల్చవలసివచ్చును. అది చిన్నది, దేశీయమైనది, కనుక హాని తక్కువ యనుకొనుట భ్రమ. ఊపిరిగొట్టములలోని సన్నని రోమములు లోపలికి వచ్చిన ధూళిని బయటికి నెట్టుచుండును. పొగ వాటిని మొద్దుబార్చును. రాతిధూళి మధ్య పనిచేయువానికి ఇది రెట్టింపు నష్టము.

సున్నము మాట వేరుగా చెప్పవలసియున్నది. మన నాపరాయి సున్నపురాయి జాతిదే. ఖైనీలో సున్నము కలిపి అరచేత నలుపుట వట్టి ఆచారము కాదు. సున్నపు క్షారగుణము వలన నికోటిన్ విడివడి, బుగ్గ లోపలి పొరగుండా త్వరగా రక్తములోనికి దిగును. రసాయన శాస్త్రము తెలియకయే పెద్దలు కనిపెట్టిన కిటుకిది. కాని ఆ సున్నమే పొరను కాల్చివేయును. అట్లు కాలిన చోట పొగాకులోని క్యాన్సరు కారకములు సుళువుగా పనిచేయును. 2016-17 సర్వేలో దేశమందలి వయోజనులలో నూటికి 28.6 మంది పొగాకును ఏదో ఒక రూపమున వాడుచున్నట్లు తేలినది. పొగలేని పొగాకు వాడువారే నూటికి 21.4 మంది. గుట్కాలోని వక్కవలన నోరు క్రమముగా బిగిసిపోవును. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలోనుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సరుకు దారితీయుట వైద్యులు ఎన్నడో గమనించినదే. మీ వార్డులో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. నోరు తెరచి మూడు వ్రేళ్లు నిలువుగా పట్టించమనుడు. పట్టనివారిని, రెండు వారములకును మానని పుండు గాని, తెల్లమచ్చ, ఎఱ్ఱమచ్చ గాని ఉన్నవారిని ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపుడు.

నంద్యాల ప్రాంతమున పొగాకు పండించు రైతులున్నారు. మంచుతో తడిసిన పచ్చియాకును వట్టి చేతులతో తెంపిన కూలీకి తలత్రిప్పుట, వాంతి కలుగుటకు కారణమును నికోటినే; అది చర్మముగుండా ఎక్కును. చేతికి తొడుగులు వాడుట, తడి ఆరినపిమ్మట పనికి దిగుట చాలును.

ఇక మానదలచినవారి మాట. మొదటి మూడు దినములు కఠినము. మూడు, నాలుగు వారములకు బాధ చాలవరకు తగ్గును. అంతవరకు ఓర్వలేనివారికి నికోటిన్ గమ్ము కలదు. ఇందు నికోటిన్ ఉండును, పొగయు తారును ఉండవు. కాని దీనిని మిఠాయివలె నమలరాదు. నాలుక చురుక్కుమనువరకు నెమ్మదిగా నమలి, బుగ్గకును చిగురుకును నడుమ ఆపియుంచవలెను. చురుకు తగ్గినపిమ్మట మరల నమలవలెను. ఆత్రముగా నమలి మ్రింగినచో వెక్కిళ్లు, కడుపులో మంట, వికారము కలుగును. పావుగంట ముందునుండి టీ, కాఫీ, సోడా త్రాగరాదు. వాటి పులుపు నికోటిన్‌ను నోటిలో ఎక్కనీయదు. గర్భిణులు, గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక వాడరాదు. పిల్లల చేతికి అందనీయరాదు. ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకమును 2019లోనే కేంద్ర ప్రభుత్వము నిషేధించినది.

టీ సంగతి చాలమందికి తెలియదు. పొగత్రాగువాని శరీరము టీలోని కెఫీన్‌ను త్వరగా వదిలించుకొనును. పొగ మానగానే ఆ త్వర తగ్గును. అవే నాలుగు టీలు ఎక్కువగా పనిచేసి, నిద్ర చెడి, గుండె దడదడలాడును. మానినవాడు ఇది పొగాకు లేనందుననే వచ్చినదనుకొని మరల బీడీ వెలిగించును. కావున బీడీతోపాటు టీలను సగము చేయుమని చెప్పుడు.

2003 నాటి చట్టము ప్రకారము బహిరంగ స్థలములలో పొగత్రాగరాదు. పదునెనిమిదేండ్లలోపు వారికి అమ్మరాదు. విద్యాసంస్థలకు నూరు గజములలోపల పొగాకు అంగడి ఉండరాదు. పంచాయతీ కార్యాలయము కూడ బహిరంగ స్థలమే యని సభ్యులు మరువరాదు! బడిప్రక్కన బంకు ఎవరి బావమరిదిదైనను కొలత ఒక్కటే కావలెను. అయితే జరిమానాలతోనే పని జరుగదు. ఆకలిని అణచుటకే ఖైనీ వేసికొనువానికి ఉపన్యాసము వలన లాభమేమి? గని యజమానులతో మాట్లాడి, ప్రొద్దుటి వేళ ఇంత సంగటియో, ఉగ్గానియో తినివచ్చుటకు వ్యవధి, పనిచోట చల్లని నీరు, కాస్త నీడ, పొడిరాతిని కోయునప్పుడు నీటి తడి ఏర్పరచవలెను. మానదలచినవారికి సలహా ఇచ్చు ఉచిత టెలిఫోను సంఖ్య 1800-11-2356. దానిని మీ కార్యాలయపు గోడమీదను, గనులవద్ద కూలీలు భోజనమునకు కూర్చుండు చోటులందును పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.