పోలెండు కొండయూరిలో ఒకనాడు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ శుభసందర్భమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి పత్రికలు చదివి పెరిగినవాడను గాన కాదనలేకపోతిని. అయితే గ్రంథాలయోద్యమమును గూర్చి పెద్దలయెదుట మాటలాడు అధికారము నాకు లేదు. పోలెండు దేశమున క్రాకువ్ నగరములో చదువుకొనుచుండగా, 2022వ సంవత్సరము జూన్ మాసమున మా విద్యార్థి బృందముతో చూచివచ్చిన యొక కొండయూరిని గూర్చి చెప్పెదను.

ఆ యూరి పేరు జకొపానె. క్రాకువ్‌నకు దక్షిణమున సుమారు 100 కిలోమీటర్ల దూరమున, తాత్రా పర్వతముల పాదమున నున్నది. కొండల కావల స్లొవాకియా దేశము. మేము పదునలుగురము తెల్లవారకమునుపే బస్సెక్కితిమి. చింతపండునకు బదులు నిమ్మరసము పిండి, అందరికి పులిహోర పొట్లములు కట్టినవాడను నేనే.

ఊరిపైన గ్యెవోంత్ అను శిఖరము కలదు. ఎత్తు సుమారు 1,895 మీటర్లు. వెల్లకిల పరుండిన వీరుని ముఖమువలె నుండును. దేశమునకు ఆపద వచ్చిననాడు ఆ కొండలోని వీరులు మేల్కొందురని అచ్చటివారి కథ. శిఖరాగ్రమున 1901లో నిలిపిన పెద్ద ఇనుప శిలువ యున్నది. దానిని చేతితో తాకవలయునని నేను నెలరోజులుగా కలలు గనుచుంటిని.

ఉదయము తొమ్మిదింటికి నడక మొదలిడితిమి. గంటన్నరలో ఒక పచ్చిక మైదానము చేరితిమి. అచ్చట మాకు దారి చూపుచున్న పోలిష్ సహాధ్యాయిని నిలిచి, పడమటి దిక్కు చూచి, "ఇక వెనుదిరుగుదము" అనెను. ఆ దిక్కున అరచేయి యంత మబ్బు! నాకు కోపము వచ్చినది. "సముద్రములు దాటి వచ్చినవాడను, మబ్బు తునకకు వెరచి మరలుదునా?" అని గట్టిగా వాదించితిని. ఇద్దరు మిత్రులు నా పక్షము వహించిరి. ఆమె గొంతు పెంచలేదు. 2019 ఆగస్టు 22వ తేదీని మాత్రము జ్ఞాపకము చేసెను. ఆనాడు గ్యెవోంత్‌పై పిడుగు పడి నలుగురు మరణించిరి. వారిలో ఇద్దరు పిల్లలు. నూరుమందికి పైగా గాయపడిరి. శిఖరము చేరువ, ఎక్కువారు పట్టుకొనుటకు రాతికి బిగించిన ఇనుప గొలుసులున్నవి. పిడుగుశక్తి ఆ గొలుసులవెంట మనుష్యులకు ప్రాకినదట. నేను మాటలాడక దిగితిని. దారి పొడవున ముఖము మాడ్చుకొనియే యుంటినని ఒప్పుకొనవలయును.

ఆ విధముగా మాకు ఊరు చూచు తీరిక కలిగినది. అచ్చటి పాత చర్చి 19వ శతాబ్దము నడుమ కట్టిన కొయ్యకట్టడము. మేము లోపల నుండగానే ఉరుము లారంభమైనవి. పైకప్పుపై వాన మ్రోత వినుచు, నేను ఆమెవైపు చూడలేకపోతిని. చర్చి ప్రక్కన చిన్న శ్మశానవాటిక. వాన వెలిసినపిదప అందులో సమాధులు చూచితిమి. ఒకటి ఖావుబిన్‌స్కి అను వార్సా వైద్యునిది. 1873లో ఈ ప్రాంతమున కలరా వచ్చినపుడు ఆయన జనులకు చికిత్స చేసెను. ఈ కొండగాలి ఆరోగ్యకరమని లోకమునకు చాటెను. మరియొకటి సబావా అను కొండవానిది. వేటకాడు, ఫిడేలు వాయించువాడు, కథలు చెప్పువాడు. పెద్దపెద్ద రచయితలు ఆయనయెదుట కూర్చుండి కథలు వినిరి. 1903లో ఊరిలో వైద్యునికి స్మారకము కట్టినపుడు ఈ కథకుని విగ్రహమునుగూడ దాని పాదమున నిలిపిరి. మన యూళ్లలో బుర్రకథ చెప్పిన ఏ వృద్ధునికి అట్టి గౌరవము దక్కినది?

ఆ దినములలో పోలెండు అను దేశము పటమున లేదు. మూడు సామ్రాజ్యములు దానిని పంచుకొనియుండెను. జకొపానె ఆస్ట్రియా పాలనలో నుండెను. 1889లో ఈ భూములు వేలమునకు రాగా జామొయ్‌స్కి అను జమీందారు పాడుకొని, నరకివేతకు గురియగుచున్న అడవులను కాపాడి, స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1924లో ఆ సంపదనంతయు జాతికి ధారపోసెను. విత్‌క్యెవిచ్ అను చిత్రకారుడు కొండవారి కొయ్యయిండ్ల తీరునే మెరుగుపరచి, 'కొలిబా' అను భవనమునకు రూపకల్పన చేసెను. 1893లో పూర్తియైన ఆ యిల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. దూలములమీద చెక్కిన పువ్వులు చూచినపుడు మా తాతగారి యింటి ద్వారబంధము జ్ఞప్తికి వచ్చినది.

సాయంకాలము అంగళ్లవీధిలో ఓస్‌త్సిపెక్ అను గొఱ్ఱెపాల జున్ను కొంటిని. ఉప్పునీట నానవేసి, పొగకు ఆరవేసి చేయుదురు. కదురు ఆకారమున నుండును. దానిని ఇంటికి తెచ్చినపుడు మా అమ్మ వాసన చూచి, ఒక ముక్కయైనను తినక, ఊరగాయ జాడీల ప్రక్కన పెట్టినది.

తిరుగు బస్సులో మా సహాధ్యాయినియొద్దకు పోయి క్షమాపణ కోరితిని. ఆమె నవ్వి, మిగిలిన పులిహోర పొట్లము తనకిమ్మనెను. ఇచ్చితిని.

కొలిబాలో కొన్న బొమ్మల పుస్తకము నొకటి కార్యదర్శిగారి చేతికి నేడు అందజేయుచున్నాను. అది పోలిష్ భాషలో నున్నది. ప్రతి బొమ్మ క్రింద తెలుగున రెండేసి పంక్తులు వ్రాసి కాగితము లంటించితిని. పండ్రెండవ పుటలో గ్యెవోంత్ ఉన్నది, చూడుడు.