ఊరు మారింది, పని మారలేదు



మాది పాలమూరు. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనికి ఎక్కడెక్కడో తిరిగాడు. తట్టతో పోయాడు, తట్టతోనే వచ్చాడు. క్లాసులో మొదటిసారి 'లేబర్ మొబిలిటీ' అన్న మాట విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

మిగులు శ్రామికులు వ్యవసాయం వదిలి పరిశ్రమల్లోకి వెళ్తారని 1954లో ఆర్థర్ లూయిస్ రాసింది మనందరం చదివాం. అంతకు 36 ఏళ్ల ముందే, 1918లో, చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో బాబాసాహెబ్ అసలు జబ్బు భూమి మీద పనిలేక పడివున్న జనమని, దానికి మందు పారిశ్రామికీకరణ అని అన్నారు. మా సిలబస్‌లో లూయిస్ ఉన్నాడు. ఆ వ్యాసం లేదు. సరే.

జీడీపీ అయితే పెరిగింది. కానీ పీఎల్‌ఎఫ్‌ఎస్ లెక్కల్లో వ్యవసాయంలో పనిచేసేవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే, 2019-20లో 45.6కి ఎక్కింది. 2020 మార్చి చివర్లో ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర జనాన్ని చూసినవాళ్లకు ఈ అంకె కొంత అర్థమవుతుంది. మరి లాక్‌డౌన్ పోయాక? 2023-24లో కూడా 46.1. తర్వాత చేరినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని ఆడవాళ్లు, అందులోనూ చాలామందిది సొంత పొలంలో కూలి లేని పని.

ఇక నగరానికి వచ్చినవాళ్ల సంగతి. నోయిడాలో ఖోడా దగ్గర లేబర్ చౌక్ ఉంది. మన దగ్గర అడ్డా అంటామే, అదే. ఫీల్డ్‌వర్క్‌కి పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడేవాణ్ని. పది దాటాక మిగిలినవాళ్లకు ఆ రోజు కూలి లేనట్టే. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన ఒక వాల్మీకి కుర్రాడు పరిచయమయ్యాడు. బీఏ చదివాడు. చాలా రోజులు అడ్డా మీద నిలబడి, చివరికి కాంట్రాక్టర్ కింద ఒక అపార్ట్‌మెంట్‌లో స్వీపర్‌గా చేరాడు. ఊళ్లో వాళ్ల నాన్నదీ అదే పని.

నా టేబుల్లో అతను 'వలస, సేవారంగం' కింద పడ్డాడు. లెక్క ప్రకారం అది పురోగతి! పని మార్చుకోనివ్వకపోవడం వల్ల కులం నిరుద్యోగానికి ప్రత్యక్ష కారణమవుతోందని బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో చెప్పారు. అది చదివివుండి కూడా నేను ఊరు మారడాన్నే కొలిచాను.

ఆ రాత్రి ప్రశ్నావళిలో 'తండ్రి పని', 'తాత పని' అని రెండు గడులు చేర్చాను. అప్పటికే నింపిన ఫారాల కోసం మళ్లీ అడ్డాకి వెళ్తే సగం మంది కూడా దొరకలేదు. ఎక్కడికి పోయారని అడిగితే, పక్కనున్న పెద్దాయన చెయ్యి అటూ ఇటూ ఊపాడు. గుర్గావ్ కావచ్చు, ఊరు కావచ్చు.