సున్నా వేసిన చోట సాక్ష్యం పనిచేయదు

పట్టాలందుకున్న వారి కోసం చేస్తున్న ఈ ప్రసంగం నేరుగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి దగ్గరకు సాగుతుంది. గణాంకశాస్త్రంలో బేయ్స్ పద్ధతి ఎందుకు అక్కరకొస్తుందో కోటబొమ్మాళి, పలాస ప్రాంతాల పట్టభద్రులకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

థామస్ బేయ్స్ 1761లో మరణించగా, మిత్రుడు రిచర్డ్ ప్రైస్ చొరవతో 1763లో అచ్చయిన ఆ సిద్ధాంతం ప్రకారం, పరీక్షకు ముందున్న అంచనా పూర్వ సంభావ్యత, దానిని కొత్త సాక్ష్యంతో సవరించగా వచ్చేది ఉత్తర సంభావ్యత. రోగుల్లో నూటికి 90 మందిని పట్టుకొని, ఆరోగ్యవంతుల్లో నూటికి 10 మందిని పొరపాటున రోగులుగా చూపే రక్తపరీక్ష ఒకటుందనుకుంటే, వెయ్యి మందిలో 200 మందికి జబ్బున్న ఊళ్లో అది 260 మందిని చూపుతుంది, వారిలో 180 మంది నిజంగా రోగులే. వెయ్యికి 10 మందికే జబ్బున్న ఊళ్లో అదే పరీక్ష 108 మందిని చూపినా, వారిలో రోగులు 9 మందే. మొదటి ఊళ్లో కూడా జబ్బు లేదని పరీక్షలో తేలినవారికి జబ్బుండే అవకాశం నూటికి మూడుకు దిగిపోతుంది కనుక, ఊరి పేరు వినగానే మనిషిని రోగిగా లెక్కగట్టడం అన్యాయమే కాదు, లెక్క తప్పు కూడా.

ఏళ్లుగా ఈ పాఠం చెప్పిన వక్తను కలవరపెట్టేది మరొకటుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలను పీడిస్తున్న ఈ వ్యాధికి కారణం ఇంకా తేలలేదు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ అనుమానంలో ఉన్నవే. వీటిలో ఒకదానికి పూర్వ సంభావ్యత సున్నా వేస్తే, సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నాయే గనుక, ఎంతటి సాక్ష్యమూ దానిని లేపలేదు. ఇంత చదివిన బిడ్డలు కూడా తొందరపడి ఆ సున్నా వేసేస్తుంటారు, అది చెవి మెలిపెట్టి చెప్పవలసిన తప్పు. ఇప్పుడు ఒక అనుమానాన్ని సాక్ష్యంతో సవరించే అవకాశం వచ్చింది: 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రితో పాటు హిరమండలం నుంచి వచ్చే తాగునీటి పథకమూ ప్రారంభమైంది. ఈ వ్యాధి ఏళ్ల తరబడి ముదిరేది కనుక, నీరు మారిన ఫలితం నెమ్మదిగానే కనబడుతుంది, కొత్త కేసులు తగ్గితే నీటిపై అనుమానం బలపడాలి, తగ్గకపోతే సడలాలి. ఆ కేసులను లెక్కించే సర్వేలకు వెళ్లే పట్టభద్రులు ఏ కారణానికి ఎంత సంభావ్యత ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో ముందే తేదీ వేసి రాసి పెట్టుకోవాలి.