కొయ్యచేప ముచ్చట



ఉగాది పచ్చడి తిన్న నోట చేపల మాట ఎత్తినందుకు పెద్దలు మన్నించాలి. మేము చెప్పబోయేది కూరచేప కాదు, గాలానికి ఎరగా కట్టే కొయ్యచేప.

కామాటిపురా అన్న పేరే ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన మన కామాటివారిది. రాయీ కొయ్యా తెలిసిన చేతుల వారసులం గదా అన్న ధీమాతో, మా చాల్ వరండాలో నిర్మల్ బొమ్మల పద్ధతిలో పొణికి చెక్కతో జానెడు చేపను చెక్కాము. నడుము దగ్గర కోసి, తోక ఆడేటట్లు తీగ కొక్కేలతో కలిపాము. రంపపు పొట్టు కలిపిన చింతగింజల బంకతో రెక్కలు అతికాము. సుద్ద పూసి, వీపుకు నలుపు, పొట్టకు తెలుపు దిద్దాము. నిజం చేపలలో చాలావాటికి ఇదే వరుస: పైనుంచి చూస్తే నీటి చీకటిలో, కిందినుంచి చూస్తే ఆకాశపు వెలుగులో కలిసిపోతవి.

అనుమతి తీసుకుని పవాయ్ చెరువులో వేస్తే అది వెల్లకిలా తేలింది! కాసేపటికి రెక్కలూ ఊడినవి. పిల్లలు నవ్వారు. బొమ్మల కొలువులో కూర్చునేదానికి నీటితో పనేమి? చింతగింజల బంక నానితే నిలవదు. తాతలను అడిగితే ఆ ముక్క చెప్పేవారే. అడగడానికి వారు లేరు.

మళ్ళీ మొదలుపెట్టాము. చోర్ బజారులో కొన్న సీసం ముక్కను పొట్టలో దిగవేశాము. రెక్కలను చెక్కలోనే తీర్చాము. రంగుపైన వార్నిషు మూడు పూతలు, ఒకటి బాగా ఆరాకనే మరొకటి. బట్టల తీగకు వేలాడదీసి, పక్కింటి అత్తమ్మగారి చీరకు మరక అంటించి చీవాట్లు కూడా తిన్నాము.

బకెట్టులో వేస్తే ఈసారి నిటారుగా నిలిచి తోక ఆడించింది. నవ్విన పిల్లలే ఇప్పుడు ఉలి అడుగుతున్నారు. చేప మాత్రం ఇంకా పడలేదు.