పదో తరగతి లెక్క సరే, ఆరో తరగతి లెక్క ఏది?

(భువనగిరిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



భువనగిరి గడ్డ మీద చదువు గురించి మాట్లాడుడంటే పోరాటం గురించి మాట్లాడుడే. 1944లో 11వ ఆంధ్ర మహాసభ ఇక్కడనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి ఈ పక్కనున్న బొల్లేపల్లి మనిషే. నిజాం జమానాల సర్కారు చదువు ఉర్దూలో నడుస్తుంటే, మా పిల్లలకు మా భాషల చదువు కావాలని అడిగిన సంస్థ అది. వెట్టి చేసే ఇంటి పిల్లగాని చేతికి పలక ఇచ్చుడే ఆనాటి రాజకీయం. 1952 ముల్కీ పోరాటంల, 1969 ఉద్యమంల ముందు నడిచింది విద్యార్థులే. 2009 డిసెంబర్ 3న అమరుడైన శ్రీకాంతాచారి మన పొడిచేడు బిడ్డనే.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. నియామకాల దగ్గర మన గోస ఎందుకు తీరలేదు? 1975 రాష్ట్రపతి ఉత్తర్వులను తుంగల తొక్కితే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అది కూడా ఏండ్లకేండ్లు కాయితం మీదనే పండుకున్నది. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. 2018 ఉత్తర్వులతోని 95 శాతం కొలువులు స్థానికులకే అన్నరు. మంచిదే. స్థానికుడని రుజువు చేసే స్టడీ సర్టిఫికెట్ ఇచ్చేది బడే. ఆ కాయితం మనల్ని వరుసల నిలబెడతది గని ర్యాంకు తెచ్చిపెట్టదు. ఇప్పుడు పోటీ మనలో మనకే. పట్నంల లక్షలు కట్టి చదివినోడు స్థానికుడే, సర్కారు బడిల సగం ఏడాది లెక్కల సారు లేకుండ చదివిన పిల్ల కూడా స్థానికురాలే. ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం. ఎవరికి కొలువొస్తదో మీకే తెలుసు.

అందుకే ఇయ్యాల సర్కారు హైస్కూలు గురించి మాట్లాడుతున్నం. పదో తరగతి ఫలితాలు రాష్ట్రంల 2024ల 91.31 శాతం, 2025ల 92.78 శాతం. సంతోషమే. అయితే ఈ శాతం ఎవరి మీద కడుతున్నరు? పరీక్ష రాసినోళ్ల మీద. ఆరో తరగతిల పేరు రాయించుకొని, తొమ్మిదిల బడి ఇడిసిన పిల్ల ఈ లెక్కల పాసు గాదు, ఫెయిలూ గాదు. అసలు ఆ పిల్ల లేనే లేదు.

చట్టం సంగతి చూడున్రి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ హక్కు 14 ఏండ్ల దాకనే. 2016ల సవరించిన బాలకార్మిక చట్టం కూడా పూర్తి నిషేధం పెట్టింది 14 ఏండ్ల లోపు వాళ్లకే. అంటే ఎనిమిదో తరగతి అయిపోంగనే ఒక దిక్కు బడి హక్కు మూసుకపోతది, ఇంకో దిక్కు పని తలుపు తెరుసుకుంటది. పేదింటి పిల్లలు జారిపోయేది సరిగ్గ ఆడనే. ఆడపిల్లయితే పెండ్లి మాట కూడా ఆ ఏండ్లల్లనే మొదలైతది.

సర్కారు బడిల కూసున్నది ఎవరు? మగ్గం మీద బతికే ఇంటి పిల్లలు, కూలోళ్ల పిల్లలు, ఆటో నడిపేటోళ్ల పిల్లలు. కొడుకును ప్రైవేటు బస్సు ఎక్కించి బిడ్డను సర్కారు బడికి పంపిన ఇండ్లు మన వాడల్ల కొల్లలు. 2011 జనగణనల అక్షరాస్యత హైదరాబాద్‌ల 83 శాతముంటే నల్లగొండల 64, పాలమూరుల 55. ఇంట్ల పుస్తకం పట్టి చెప్పేటోళ్లు లేని పిల్లలకు బడే దిక్కు. ప్రైవేటోళ్లు ఏరుకొని చేర్చుకుంటరు. గురుకులాలు ప్రవేశపరీక్ష పెట్టి తీసుకుంటయి. వాడలున్న సర్కారు బడి మాత్రం వచ్చిన ఏ పిల్లనూ వద్దనదు. అసొంటి బడిని, ఏరుకున్న బడిని ఒక్క ఫ్లెక్సీ మీద పెట్టి మార్కులు కొలుసుడు న్యాయమేనా?

సారు లేనిది చదువు రాదు. 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్ల టీచర్ల భర్తీ జరిగింది 2024 డీఎస్సీతోనే, 11,062 పోస్టులకు. నడుమ ఏడేండ్లు. ఆరుల చేరిన పిల్ల ఇంటర్ కూడా దాటిపోయే కాలం అది. ఈ నడుమనే 2022–23ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టిన్రు. ఇంగ్లీషు కావాలె, కాదనం. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన అచ్చేసిన పుస్తకాలూ ఇచ్చిన్రు. మరి ఆ పుస్తకం విప్పి చెప్పే సారును కూడా ఇయ్యాలె గద!

ఉద్యోగ మిత్రులకు ఒక్క మాట. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెల మీరున్నరు, మేమున్నం. టీచర్లూ కదిలిన్రు, బడులు మూతపడ్డయి. కార్పొరేటు పిల్లలకు ట్యూషన్లున్నయి. ఆ రోజులను సంపూర్ణంగ రాష్ట్రానికి ఇచ్చింది సర్కారు బడి పిల్లలే. ఆ బాకీ మన మీదున్నది. సర్కారు జీతం తీసుకునేటోళ్ల పిల్లలు సర్కారు బడిలనే చదవాలని 2015ల అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌ల తీర్పు చెప్పింది. మనకు కోర్టు చెప్పాల్నా? మన పిల్లలు ఆ బెంచీల మీద కూసున్న నాడు ఖాళీ పోస్టు నెల దాటి ఖాళీగుండదు.

మనం చేయాల్సింది పెద్దదేం గాదు. జూన్‌ల బడి తెరవంగనే ప్రతి హైస్కూలు గోడ మీద నాలుగు అంకెలు రాయాలని అడుగుదాం. నాలుగేండ్ల కింద ఆరుల చేరినోళ్లు ఎందరు, అందుల ఇప్పుడు పదిల ఉన్నది ఎందరు, అండ్ల ఆడపిల్లలెందరు, ఏ సబ్జెక్టుకు సారు లేడు. తగ్గిన ప్రతి పేరు వెంట ఇంటికి పోదాం. ఇటుక బట్టీలల్ల ఉన్న ఒడిశా కూలీల పిల్లలను కూడా మరువొద్దు. వలస బతుకు అంటే ఏందో పాలమూరు గోస చూసిన మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బీబీనగర్‌ల ఎయిమ్స్ వచ్చింది, 2019 నుంచి ఆడ డాక్టరు చదువు నడుస్తున్నది. దాని గేటు ముంగట నుంచి మన పిల్లలు రోజూ పోతరు. రోగం వస్తేనో, ఊడ్సే పని దొరికితేనో గాదు, సీటు తెచ్చుకొని మన సర్కారు బడి బిడ్డ లోపలికి పోవాలె. నియామకాల కొట్లాట ఇప్పుడు ఆరో తరగతి హాజరుపట్టీ కాడ మొదలైతది.

జై తెలంగాణ!